ఏడో రాయి

ఫిరంగి శిక్షణ కేంద్రం,
హైదరాబాదు,
12 జనవరి 1964.

తిప్పయ్య బావకు, ఓబుళేసు దండాలు పెట్టి రాస్తున్నాను.

నువ్వు వేసిన కార్డు అందింది. అక్కతో చెప్పు, నాకిక్కడ తిండికీ గుడ్డకూ లోటు లేదు. సంగటి ముద్ద కనబడక మొదటి నెల నా కడుపు నా మాట వినలేదు. ఇప్పుడు గోధుమ రొట్టెకు లొంగిపోయింది.

"నీకు తుపాకి ఇచ్చినారా, ఫిరంగి ఇచ్చినారా" అని అడిగావు. తుపాకి అందరికీ ఇస్తారు బావా. పనికి మాత్రం నన్ను పెద్ద మోర్టారు దగ్గర వేశారు. చూస్తే నువ్వు నవ్వుతావు. ఫిరంగి అంటే చక్రాలు, పొడుగాటి గొట్టం, చూడగానే దర్జాగా ఉంటుంది. మాది ఒక మనిషి ఎత్తు ఇనుప గొట్టం, దాని కింద గుండ్రటి ఇనుప పళ్లెం, ముందు రెండు కాళ్లు. ఫిరంగి దగ్గర పనిచేసేవాళ్లు మమ్మల్ని "పొగగొట్టం వాళ్లు" అని ఎగతాళి చేస్తారు.

ఫిరంగికి వెనక తలుపు ఉంటుంది. గుండును వెనక నుంచి ఎక్కించి, తలుపు బిగించి పేలుస్తారు. అది దూరానికి, సూటిగా పోతుంది. మా గొట్టానికి వెనక తలుపు లేదు. బాంబును నోట్లోనే వేయాలి. దానంతట అది జారి, అడుగున ఉన్న సూదికి తగిలి, పేలి మళ్లీ అదే నోటి నుంచి పైకి పోతుంది. ఫిరంగి గుండు ఏడు మైళ్లు పోతే మాది నాలుగు మైళ్లు పోవడం కష్టం. కానీ బాగా ఎత్తుకు పోయి నిలువుగా దిగుతుంది. కొండ వెనక నక్కినవాడిని ఫిరంగి అందుకోలేదు, మాది వాడి నెత్తి మీదే పడుతుంది.

ఇంకొక సంగతి నీకు నచ్చుతుంది. ఫిరంగి పేలితే దాని గొట్టమే వెనక్కి జారి ఆ దెబ్బను మింగుతుంది. మా దెబ్బంతా పళ్లెం గుండా భూమిలోకి పోతుంది. అందుకే భూమి తెలిసినవాడు కావాలి. మెత్తటి మన్ను అయితే పళ్లెం దిగబడిపోతుంది, బండ అయితే ఎగిరిపడుతుంది. మొన్న మా సుబేదారు సాబు పళ్లెం ఎక్కడ వేయాలని అడిగితే నేను పాదంతో తట్టి చూసి చోటు చెప్పాను. "ఎక్కడ నేర్చినావు" అన్నాడు. బావులు పేల్చే మా బావ దగ్గర అన్నాను.

అందరినీ అడిగానని చెప్పు.

నీ బామ్మర్ది,
ఓబుళేసు.


తనకల్లు,
20 ఫిబ్రవరి 1964.

బామ్మర్ది ఓబుళేసుకు తిప్పయ్య రాస్తున్నాడు.

నీ ఉత్తరం మీ అక్క సుంకమ్మ నాతో మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి నేనూ ఆ గొట్టంలో బాంబు వేయగలను అనిపించింది. సుంకమ్మకు మాత్రం ఒకటే దిగులు: "నోట్లో వేసేటప్పుడు వాని మొగం యాడ పెట్టుకుంటాడు?" అని. దానికి జవాబు రాయి, లేకపోతే నాకు సంగటి పడదు.

అందరినీ అడిగానని రాశావు. అందరూ అంటే ఎవరప్పా? ఊరు చిన్నది, పేర్లు రాస్తే సిరా అయిపోదు. ఆంజినమ్మను అడిగినట్టా, అడగనట్టా?

వచ్చే నెలకు రామాంజులు పోయి ఏడాది. ఆంజినమ్మ కొడుకు ఏడాది దినానికి ఊరంతటినీ పిలుస్తోంది, మా ఇంటి వాకిలి మాత్రం దాటిపోయింది. వీధిలో నేను ఎదురైతే బిందె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగిపోతుంది. ఒక్కగానొక్క కొడుకును నా మాట మీద ఎర్రప్ప బావిలోకి దించాను, శవాన్ని దుప్పట్లో పైకి లాగాను. ఆమె తిరిగిపోకుండా ఏం చేస్తుంది?

పంచాయితీ మాట అలాగే ఉంది. "బండలో ఏడు గుంటలు కొట్టి పేలుడు మందు పెట్టి, ఆరే పేలితే ఏడు పేలినాయని చెప్పిన మేస్త్రీ ఇంగ ఏ బాయిలోనూ చెయ్యి పెట్టకూడదు" అన్నారు. నేను కాదనలేదు. ఇరవై రెండేళ్లు బావులు పేల్చిన చేతులతో రోడ్డుకు కంకర కొడుతున్నాను. కంకర పేలదు, అదొక్కటే దాని మంచి గుణం.

వచ్చే నెల కదిరి తేరు తిరనాళ్లకు పోదామని మీ అక్క అంటోంది. నాకు కాలు రావడం లేదు.

ఒక్క మాట అడుగుతాను. నోట్లో వేసినది పేలకుండా అడుగునే పడుకుంటే మీకెట్లా తెలుస్తుంది? మన పద్ధతి మీ సుబేదారుకు చెప్పావా? ఎన్ని గుంటలకు మందు పెడితే అన్ని గులకరాళ్లు ఒకడు పిడికిట్లో పట్టుకోవాలి. ఒక్కో మోతకు ఒక్కో రాయి కింద వేయాలి. చివర్న అరచేయి తెరిచి మేస్త్రీకి చూపాలి. ఒక్క రాయి మిగిలినా ఆ పొద్దుకు బావిలో ఎవరూ దిగకూడదు. రాళ్లు పట్టినవాడే మర్నాడు పొద్దెక్కేదాకా గట్టు మీద కావలి కూర్చోవాలి. మేము రాళ్లు పట్టుకునేవాళ్లం. మీరు ఏం పట్టుకుంటారు?

తిప్పయ్య.


హైదరాబాదు,
5 ఏప్రిల్ 1964.

బావకు దండాలు.

అక్కతో చెప్పు, బాంబు వేసినవాడు వెంటనే చేతులు కిందికి దించి, తల వంచి, పక్కకు తిరగాలి. అది మొదటి రోజే కర్రబాంబుతో నూరుసార్లు చేయిస్తారు. ఒక్కో బాంబు మణుగుకు పైనే తూగుతుంది, కాబట్టి మాలో కండ ఉన్నవాడినే వేయడానికి నిలబెడతారు. నేను బాంబు అందించేవాడిని. నా మొహానికి ఏం భయం లేదు.

నిన్న మా సుబేదారు సాబు ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. వేరే దేశాల్లో పెద్ద మోర్టారును బండిలోనే బిగించేస్తున్నారట బావా! ట్యాంకుకు ఉన్నట్టు ఇనుప పట్టాల మీద నడిచే బండి. వెనక సగానికి పైకప్పు తెరుచుకుంటుంది. లోపల గొట్టం ఆకాశం వైపు నోరు తెరిచి కూర్చుని ఉంటుంది, మన రోలును ఎద్దులబండిలో ఎక్కించినట్టు.

"ఫిరంగిని కూడా బండి మీద ఎక్కిస్తారు కదా సాబ్, తేడా ఏముంది" అని నేనే అడిగాను. సాబు సుద్దముక్క తీసుకుని గీసి చూపించాడు. ఫిరంగి బండిలో గొట్టం ముందుకు పొడుచుకుని ఉంటుంది. పేలితే దెబ్బ వెనక్కి తంతుంది. కొన్ని బండ్లు వెనక పార లాంటిది నేలలో దిగేసి ఆనుకుంటాయి. మోర్టారు బండిలో దెబ్బ నిలువుగా కిందికి దిగుతుంది, బండి అడుగే దాన్ని మోయాలి. మోర్టారు మందు నెమ్మది, గొట్టం పలుచన, దెబ్బను మింగే పెద్ద యంత్రం అక్కర్లేదు. అందుకని ఫిరంగి పట్టని చిన్న బండిలో కూడా అంత పెద్ద బాంబు వేసే గొట్టం పడుతుంది. కష్టం ఏమిటంటే దూరం పోదు. శత్రువుకు దగ్గరగా పోయి వేయాలి. దగ్గరగా పోతే వాడు మనల్ని కనిపెడతాడు. మా మోర్టారు అయితే పళ్లెం తవ్వి తీసి, జీపుకు తగిలించి పోవడానికి ఎంతసేపు పడుతుందో! ఆ బండివాడు నాలుగు బాంబులు వేసి, అవి గాల్లో ఉండగానే దారి పడతాడు.

ఇంకా పెద్దవి ఉన్నాయట. వాటి బాంబును మనుషులు ఎత్తి నోట్లో వేయలేరు, అందుకని గొట్టాన్ని పడుకోబెట్టి వెనక నుంచి ఎక్కిస్తారు. అప్పుడు గొట్టం లోపల ఏముందో కంటితో చూడవచ్చు. నాకు అది చాలా నచ్చింది.

వచ్చే నెల మమ్మల్ని దళానికి పంపుతారు. ఎక్కడికో తెలియదు.

ఓబుళేసు.


తనకల్లు,
18 జూలై 1965.

ఓబుళేసుకు,

ఏడాదికి పైగా అయింది. నువ్వు పంపినవి మూడు కార్డులు, మూడింట్లోనూ "బాగున్నాను" తప్ప ఇంకో మాట లేదు. దళం నుంచి పోయినేడు వారం సెలవు దొరికితే బెంగుళూరులో స్నేహితుని ఇంట్లో గడిపావని ముత్యాలప్ప కొడుకు చెప్పాడు. బెంగుళూరు నుంచి మా ఊరికి బస్సు ఉంది నాయనా, నీకు గుర్తు చేస్తున్నాను. మీ అక్క ఆ మాట విని పొయ్యి దగ్గరే కూర్చుంది.

నడిచే మోర్టారు గురించి నాలుగు పేజీలు రాశావు. బాగుంది. నేను అడిగిన దానికి జవాబు మాత్రం అందులో లేదు. పేలనిది అడుగున పడుకుంటే ఎట్లా తెలుస్తుందని అడిగాను. ఒకసారి మర్చిపోయావనుకున్నాను.

ఇక్కడ వాన లేదు. వేసిన వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. ఊళ్లో మూడు బావులు అడుగంటాయి, నాలుగోది ఎర్రప్పది. దాని అడుగు తడిగా ఉంది గానీ కడవ మునగదు. ఆడవాళ్లు మైలున్నర నడిచి చెలమ నీళ్లు తెస్తున్నారు. సుంకమ్మకు మోకాళ్లు వాచాయి.

మొన్న ఎర్రప్ప నా పక్కన వచ్చి కంకర కుప్ప మీద కూర్చున్నాడు. "ఏమప్పా తిప్పయ్యా, పాతవన్నీ మనసులో పెట్టుకుంటే ఎట్లా? ఆ బాయికి ఇంకా రెండు నిలువులు దిగితే ఊట ఉండాది. నువ్వు తప్ప దాన్ని పేల్చేటోడు ఈ చుట్టుపక్కల యాడుండాడు?" అన్నాడు. ఆంజినమ్మ ఒప్పుకుంటే దిగుతానన్నాను. వాళ్లు పోయి ఆమెను అడిగారు. ఆమె అన్న మాట ఊరంతా చెప్పుకుంటోంది. "నా కొడుకు పోయిన బాయిలో, వాణ్ణి సంపినోడే నీళ్లు పడేస్తే, నేను ఆ నీళ్లు తాగాల్నా?" అందట.

బావి అలాగే ఉంది. నేనూ అలాగే ఉన్నాను.

తిప్పయ్య.


56 ఎ.పి.ఓ.,
25 ఆగస్టు 1965.

బావకు,

ఎక్కడున్నానో రాయకూడదు. రేపో మాపో ముందుకు కదులుతామంటున్నారు. మా ఉత్తరాలు అధికారి చదివి పంపుతాడు, కాబట్టి ఎక్కువ రాయలేను.

నీ ప్రశ్నకు జవాబు ఇది. ఫిరంగిలో అయితే వెనక తలుపు తీయగానే తెలిసిపోతుంది. పాతది లోపలే ఉంటే కొత్తది పట్టదు. మా గొట్టం అట్లా కాదు. అడుగున ఒకటి పడుకుని ఉన్నా, పైన రెండోది నోరారా మింగుతుంది. మింగితే గొట్టం దగ్గర ఉన్న ఒక్కడూ మిగలడు. పక్కపక్కన నాలుగు గొట్టాలు మోగుతుంటే మాది పేలిందో పక్కది పేలిందో చెవికి తెలియదు. కాలికి తెలుస్తుంది. పేలితే పళ్లెం దగ్గర నేల ఒకసారి తంతుంది. తన్నకపోతే ఆగమని అరవాలి. అంతే. ఇంకే పద్ధతీ లేదు.

నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎన్ని బాంబులకు ఆజ్ఞ వస్తే అన్ని గులకరాళ్లు ఎడమ పిడికిట్లో పట్టుకుంటాను. నేల తన్నినప్పుడు ఒకటి వదులుతాను. బాంబు అందించేటప్పుడు ఇబ్బందే. తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

అక్కను మోకాళ్లకు ఆవనూనె రాసుకోమను. ఆంజినమ్మ

(ఈ పేరు రాసి ఆపేశాను బావా. కొట్టేయబుద్ధి కాలేదు, పూర్తి చేయడానికీ చేతకాలేదు.)

ఓబుళేసు.


తనకల్లు,
16 సెప్టెంబరు 1965.

నాయనా ఓబుళేసూ,

యుద్ధం సంగతి పంచాయితీ రేడియోలో వింటున్నాం. సుంకమ్మ రేడియో దగ్గరికి పోదు. నేను పోయి విని వస్తే నా మొహం చూసి చదువుకుంటుంది. నిన్న చెప్పింది, చెప్పినట్టే రాస్తున్నాను: "ఎవురన్నా పెద్దోళ్లు సెప్తే ఇనుకో. అన్నింటికీ ముందు ఉరకద్దు. యాడుండావో తెలీకపోయినా సరే, ఉండావని ఒక కార్డు ముక్క ఎయ్యి."

సగంలో ఆపిన ఆ పేరు చూశాను. మిగతాది నువ్వు రాసేదాకా నేను ఏమీ అడగను. నువ్వు బతికి ఉండు, చాలు.

తిప్పయ్య.


56 ఎ.పి.ఓ.,
19 అక్టోబరు 1965.

బావా,

బతికే ఉన్నాను. యుద్ధం ఆగింది. ఈ ఉత్తరం మా అధికారి చదివినా నాకు సిగ్గు లేదు, ఎందుకంటే ముందు ఆయనకే నోటితో చెప్పాను.

సెప్టెంబరులో ఒక పొద్దున, చెరకు తోట అంచున నాలుగు గొట్టాలు నిలబెట్టి వేస్తున్నాం. అక్కడి నేల మెత్తన. నా గొట్టం పళ్లెం మోకాటి లోతు దిగబడింది. అవతలివాళ్లు మా చోటు కనిపెట్టేశారు. వాళ్ల గుండ్లు మాకు రెండు వందల గజాల దూరంలో పడ్డాయి, తర్వాత నూట యాభై. నాకు ఆ బొమ్మల పుస్తకంలో బండి గుర్తొచ్చింది. అదే ఉంటే ఈపాటికి తోట దాటేవాళ్లం. మాకు మాత్రం "ఇంకా ఎనిమిది వేసి, తవ్వి తీసి కదలండి" అని ఆజ్ఞ వచ్చింది. ఎనిమిది బాంబులు వరసగా పెట్టుకున్నాం. నేను ఎనిమిది రాళ్లు ఏరుకున్నాను.

బాంబు వేసేవాడు మదురైవాడు, బలిష్ఠుడు. త్వరగా పోవాలని చెయ్యి ఆడినంత వేగంగా వేస్తున్నాడు. ఆరోది వేశాడు. అదే క్షణంలో పక్క గొట్టం పేలింది. పెద్ద మోత. మా హవల్దారు కూడా మాది పేలిందనే అనుకున్నాడు. మదురైవాడు ఏడోది నా చేతిలో నుంచి లాక్కుని నోటి దాకా ఎత్తాడు. నా కాలి కింద నేల తన్నలేదు.

రెండూ కలిసి పేలినాయేమో అని నా మనసు చెప్పింది బావా. సరిగ్గా అదే మాట, అదే గొంతు. ఎర్రప్ప బావి గట్టు మీద నాకు వినిపించిన గొంతు.

వాడి మణికట్టు పట్టుకుని వేలాడాను. హవల్దారు తిట్టాడు. "ఏం చూసి ఆపావు" అని అరిచాడు. నేను పిడికిలి తెరిచి చూపించాను. చేతిలో మూడు రాళ్లు ఉన్నాయి. బాంబులు మాత్రం వాడి చేతిలో ఒకటి, నేల మీద ఒకటి. ఆయనకు ఒక్క చూపులో అర్థమైంది.

అందరం దూరంగా పోయి ఆగాం. అవతలి గుండ్లు దగ్గరవుతూనే ఉన్నాయి. తర్వాత గొట్టం అడుగును మెల్లగా పైకెత్తి, నోటిని కిందికి వంచి, లోపలిదాన్ని జార్చాలి. నోటి దగ్గర ఒకడు రెండు చేతులతో పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను. అది వెచ్చగా వచ్చి నా అరచేతుల్లో పడింది. ఐదుగురం బతికాం. మదురైవాడు నన్ను కౌగిలించుకుని వాళ్ల భాషలో ఏదేదో అన్నాడు. అధికారి భుజం తట్టి "శభాష్" అన్నాడు. ఆ మాట పడగానే నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకో చెప్పమన్నాడు, చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఆ రోజు ఏడు రాళ్లు నా చేతిలో పెట్టి నువ్వు వత్తులు అంటించి పైకి వచ్చావు. మిగతావాళ్లు గట్టు అవతల దూరంగా ఉన్నారు. మోతలు ఆరే వచ్చాయి. ఐదోది కొంచెం పెద్దగా వినిపించింది, అంతే. నా పిడికిట్లో ఒక రాయి మిగిలింది. మర్నాడు కదిరి తేరు. నేనూ రామాంజులూ ఏడాదంతా ఎదురుచూసిన తేరు. రాయి మిగిలిందంటే నేను మర్నాడు పొద్దెక్కేదాకా గట్టు మీద కావలి కూర్చోవాలి, ఆ తర్వాత పగిలిన బండను ఎత్తి పోయాలి, తేరు దాటిపోతుంది. ఐదోది రెండు కలిసి పేలింది అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు "అయినాయా?" అన్నావు. "ఏడూ అయినాయి బావా" అన్నాను. నువ్వు "ఏడు" అని అరిచావు. రామాంజులు నవ్వుతూ దిగాడు. త్వరగా ఎత్తేస్తే తెల్లవారుజామునే బయలుదేరదామని నాతో అన్నాడు. వాడి గడ్డపార ఆ పడుకున్న గుంట మీద పడింది.

పంచాయితీలో "రాళ్లు నా చేతిలోనే ఉండె" అని నువ్వు చెప్పావు. నేను నీ వెనక నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. మూడు నెలలకు సైన్యంలో చేరాను. ఊరి కోసం కాదు, దేశం కోసం కాదు, ఆంజినమ్మ ఎదురుపడకుండా ఉండడం కోసం.

ఆ ఏడో రాయి పారేయలేదు. ఇన్నాళ్లూ నా పెట్టెలో ఉంది. గుడ్డలో కుట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఈ ఉత్తరం ఆంజినమ్మకు చదివి వినిపించు. పంచాయితీలో కూడా చదువు. నీ చేతులు నీకు తిరిగి రావాలి.

ఓబుళేసు.


తనకల్లు,
10 ఫిబ్రవరి 1966.

ఓబుళేసుకు తిప్పయ్య రాస్తున్నాడు.

ఉత్తరం, రాయి రెండూ అందాయి. జవాబు ఆలస్యమైంది, ఎందుకంటే మొదట నాకు ధైర్యం చాలలేదు. నీకు నేను ఒక మాట బాకీ ఉన్నాను.

రాయి మిగిలిందని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. నువ్వు "ఏడూ అయినాయి" అన్నప్పుడు నీ ఎడమచేయి మూసి ఉంది. చూశాను. తెరవమని అడగడం మేస్త్రీ పని, ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను అది తప్పలేదు. ఆ రోజు ఎర్రప్ప గట్టు అవతల నుంచి "ఎంతసేపప్పా" అని కేకలు వేస్తున్నాడు. నాకూ ఇంటికి పోవాలని ఉంది. చెయ్యి తెరిపిస్తే మన పొద్దంతా పోతుందని తోచింది. అడగలేదు. మూసిన పిడికిలి చూసి కూడా "ఏడు" అని అరిచింది నేనే. నీ చేతిలోని రాయి వాణ్ణి ఒకసారి చంపితే, నా నోరు రెండోసారి చంపింది. పంచాయితీలో నీ తప్పు నెత్తిన వేసుకున్నానని నువ్వు అనుకుంటున్నావు. కాదు. నా తప్పే చెప్పుకున్నాను, సగం దాచి చెప్పుకున్నాను. పేలనిది ఎట్లా తెలుస్తుందని నిన్ను పదేపదే అడిగింది అందుకే. నీ నోటి నుంచి వస్తే నాదీ బయటికి వస్తుందని ఆశ.

మీ అక్కకు చదివి వినిపించాను, నీదీ నాదీ. రెండు రోజులు నాకు కూడు పెట్టి తను తినలేదు. మూడో రోజు అంది: "మూడేండ్లుగా నా మొగుడు తప్పు సెయ్యలేదని ఆయమ్మ వాకిట్లో నిలబడి అరిసినా. ఇంగ ఈ మొగం యాడ పెట్టుకోవల్ల?" తర్వాత తనే లేచి, "పాండి, పోదాం" అని ముందు నడిచింది.

ఆంజినమ్మ మమ్మల్ని చూసి తలుపు వేయబోయింది. సుంకమ్మ గడప మీద కూర్చుంది. నేను వాకిట్లోనే నిలబడి నీ ఉత్తరం మొదలు నుంచి చివరిదాకా చదివాను. తేరు సంగతి వచ్చిన చోట కూడా ఒక్క మాట వదలకుండా చదివాను. తర్వాత పిడికిలి సంగతి, నాది, కాగితం లేకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు. రాయి ఇమ్మంది. చేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సిన్నదా?" అంది.

తర్వాత, "తేరు కోసమా?" అంది. "నా కొడుక్కి ఆ పొద్దు కొత్త అంగీ కుట్టించి పెట్టినా. అది ఇంకా ఉండాది." అంతే, లోపలికి పోయింది.

పదిరోజులు ఏ కబురూ లేదు. పంచాయితీలో కూడా చదివాను. కొందరు నన్ను తిట్టారు, కొందరు నిన్ను. ఎర్రప్ప తల దించుకుని కూర్చున్నాడు. ఊరు మాత్రం నీళ్లు లేక అల్లాడుతోంది. పదకొండో రోజు ఆంజినమ్మే కంకర దగ్గరికి వచ్చింది. మూడేళ్లకు నాతో ఆమె మాట్లాడిన మొదటి మాటలు ఇవి: "బాయి పేల్చు. రాళ్లు నేను పట్టుకుంటా. నాకు తేరు లేదు, తిరనాళ్లు లేదు. ఎంతసేపైనా కూసుంటా."

మొన్న సోమవారం దిగాను. అడుగున ఆ గుంట ఉన్న చోట చేయి పెట్టి కాసేపు కూర్చున్నాను. తర్వాత పని చేశాను. ఆరు గుంటలకు మందు పెట్టి, వత్తులు అంటించి పైకి వచ్చాను. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది, ఒడిలో ఆరు రాళ్లు. ఊరంతా దూరంగా నిలబడింది. ఒక్కో మోతకు ఒక్కో రాయి పక్కకు తీసి పెట్టింది. ఆరూ అయ్యాయి. నేను నోరు తెరవకముందే ఆమె రెండు అరచేతులూ తెరిచి నా మొహం ముందు పెట్టింది. "సూడు. బాగా సూడు. సూసి సెప్పు" అంది. చూశాను. ఆరు అన్నాను. అప్పుడు దిగారు.

ఊట పడింది. ఎక్కువ కాదు, ఊరికి తాగడానికి చాలు. మొదటి కడవ ఆమెకే పంపాం. తీసుకుంది. తాగిందో లేదో నాకు తెలియదు.

నీ రాయి ఆ ఆరింట్లో లేదు. అది ఆమె కొంగులో ముడివేసి ఉంది. ఏం చేస్తావమ్మా దాన్ని అని సుంకమ్మ అడిగింది. "ఇది పేలిన లెక్కలోది కాదు. ఇది వాంది. వాడే వచ్చి నా సేతిలోనుంచి తీసుకోవల్ల. అప్పుడు తిడతానో కొడతానో ఇప్పుడు సెప్పలేను" అంది.

సెలవు దొరకగానే రా. బెంగుళూరుకు పోవద్దు. బస్సు దిగి మా ఇంటికి కూడా రావద్దు. తిన్నగా ఆమె వాకిట్లోకి పోయి, చేయి చాపి నిలబడు.

తిప్పయ్య.